బయటికి తెరుచుకునే తలుపు

ఫిబ్రవరి 6, గురువారం

నాన్న తలుపు పగలగొట్టాడు.

నాది కోపమో భయమో తెలీదు. రెండూ అనుకుంటా. నేను వెళ్ళింది ఎంతసేపని? కుట్టిన జాకెట్లు ఇచ్చేసి, రేషను తీసుకుని వచ్చేద్దామనుకున్నాను. బయట తాళం వేసి వెళ్ళాను. అదే మొదటిసారి. వచ్చేసరికి తలుపు కింది చెక్క ఊడి మెట్టు మీద పడి ఉంది. చెద తిన్న తలుపు, దానికేం బలం ఉంటుంది? ఆ కంతలోంచి నాన్న చెయ్యి బయటికొచ్చి గాలిలో ఏదో వెతుక్కుంటోంది. గోళ్ళ నిండా రక్తం.

"గేటు వెయ్యాలి! బండి వచ్చేస్తంది! జనం పోతారు!" అని లోపల్నించి అరుపులు. వినడానికి వీధిలో మనిషి లేడు. అందరూ మిరప కోతలకి పోయారు.

తాళం తీసి, చేతులు కడిగి, పసుపు అద్ది, గుడ్డ కట్టి, అప్పుడు తిట్టాను. "ఏం గేటు నాన్నా? ఎక్కడుంది గేటు? దాన్ని పీకేసి పట్టాల కింద నుంచి దారి వేసి ఎన్నేళ్ళయింది? నువ్వు గేట్‌మాన్‌గా రిటైరై ఎన్నేళ్ళయింది?"

"స్టేషను మాస్టరు ఫోన్ చేశాడమ్మా," అన్నాడు. నన్ను అమ్మా అన్నాడు. కూతుర్ని అన్నట్టు కాదు, దారినపోయే ఆడమనిషిని అన్నట్టు.

పోయిన నెలలో రెండుసార్లు పట్టాల మీద దొరికాడు. రెండోసారి లైను చూసే కీమాన్ భుజం పట్టుకుని ఇంటికి తెచ్చి, "ఇంకొంచెం ఆలస్యమైతే అక్కా..." అని మిగతాది మింగేశాడు. అందుకే కదా తాళం వేసింది!

కానీ ఆ చెయ్యి కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ప్రభువా, నీ ముందు రాస్తున్నాను. ఈ మనిషి మీద ఇంకెప్పుడూ తాళం వెయ్యను. ఏమైనా సరే.

ఏమైనా సరే అని రాసేశాను. ఏమవుతుందో నాకు తెలుసు.

ఫిబ్రవరి 8, శనివారం

వడ్రంగి ఇవాళొస్తా రేపొస్తా అని, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. ఉన్నవాళ్ళంతా గుంటూరు అపార్ట్‌మెంట్ల పనికి పోయారట. పాత తలుపు ఎటూ పోయింది. ద్వారబంధాన్ని వేలితో పొడిస్తే వేలు లోపలికి దిగింది. గుమ్మానికి దుప్పటి వేలాడదీశాను. పెరటి వైపు భయం లేదు, చుట్టూ గోడే. ఈ గుమ్మం ఒక్కటే దారి.

నా చున్నీ ఒక కొస నాన్న చేతికి కట్టి, రెండో కొస మిషను కాలికి కట్టి జాకెట్లు కుడుతున్నాను. ఇది తాళం కాదు. చున్నీ.

తలుపు నేనే పెడతాను. ఫోన్లో వీడియోలు చూశాను. ఎవడో కుర్రాడు ఈల వేసుకుంటూ పెట్టేస్తున్నాడు. జాకెట్టుకి చేతులు అతికించేదాన్ని, గోడకి తలుపు అతికించలేనా? నాన్న అక్క ప్రేమమ్మ అత్తతో అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుకోనీ.

ఫిబ్రవరి 10, సోమవారం

ఇవాళ చూసింది రాయకపోతే నిద్ర పట్టదు.

నాన్నని ఆటోలో ఎక్కించుకుని చీరాలలో బుడాన్ గారి పాత కలప కొట్టుకి వెళ్ళాను. కూల్చేసిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ అక్కడికొస్తాయి. లోపలికి అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాను. వరసల కొద్దీ తలుపులు, గోడలు లేని తలుపులు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒకదానికి గొళ్ళెం చుట్టూ అరచేతుల జిడ్డు నల్లగా పేరుకుపోయింది. ఎన్నిసార్లు తీసి ఉంటారు, ఎన్నిసార్లు వేసి ఉంటారు! చర్చిలో కూడా నేను అంత నెమ్మదిగా నడవలేదు.

"ఏం కావాలమ్మా?" అన్నారు బుడాన్ గారు. పెద్దాయన, తెల్ల గడ్డం, చెవిలో పెన్సిలు.

"చెద పట్టనిది."

"ఆ మాట అన్నావు కాబట్టి చూపిస్తా," అని వెనక్కి తీసుకెళ్ళారు. నేతగాళ్ళ వీధిలో ఇల్లు కూలిస్తే వచ్చిందట. ద్వారబంధం టేకు, తలుపు వేప. "నాకంటే పెద్దది ఇది. మా నాయన కంటే కూడా పెద్దదేమో," అన్నారు.

పైనంతా ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం, దాని కింద ఇంకేదో. గరుకు కాగితం ఇస్తే ఒక మూల రుద్దాను. రుద్దగా రుద్దగా రంగులన్నీ పోయి చెక్క బయటపడింది. అబ్బ! తేనె రంగు. ఇన్నేళ్ళు ఎవరికీ కనపడకుండా లోపల అలాగే ఉంది. గడప రుద్దితే పసుపు వచ్చింది. రంగు కాదు, నిజం పసుపు. ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని శుక్రవారాలు రాశారో, చెక్క లోపలికి దిగిపోయింది. సబ్బు పెట్టినా పోదన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. వాళ్ళెవరో నాకు తెలీదు, వాళ్ళ చేతులు మాత్రం ఇక్కడ ఉన్నాయి.

పై చెక్క మీద శంఖం, చక్రం, మధ్యలో నామం చెక్కి ఉన్నాయి. మా ఇంటికి ఇదేమిటి అనుకుంటూ ఉండగా నాన్న వచ్చి, చెక్కకి ముక్కు ఆనించి, వాసన చూసి, "స్లీపరు చెక్క. మంచిది," అన్నాడు. ఈ మధ్య ఆయన సరిగ్గా మాట్లాడిన మాట అదొక్కటే.

నా కుట్టు టేపుతో కొలిచాను. మా గోడ కంతకి కుట్టించినట్టు సరిపోయింది.

ఫిబ్రవరి 12, బుధవారం

పెట్టేశాను! నేను! రెబెకా!

పాత ద్వారబంధం నిన్ననే పీకేశాను. చెయ్యి వేస్తే మట్టిలా రాలింది. ఇవాళ ఆటో అతను కొత్తది దింపాడు. కొత్తది అంటున్నాను చూడు. అందరికంటే పాతది.

ప్రేమమ్మ అత్త వచ్చి పైకి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏందే ఇది? శంకు చక్రాలు! ఈస్టరు ముందరి శ్రమల దినాలొస్తన్నాయి, ఇంటింటి ప్రార్థన కూడికలు. పాస్టరుగారు వీధి మొగలోంచే చూస్తారు. నా తమ్ముడి ఇంటి మీద నామాలేందే?"

"చెక్కినాయన ఎంత శ్రద్ధగా చెక్కాడో చూడత్తా. దీన్ని గీకెయ్యమంటావా? నాకు చేతులు రావు."

"గీకొద్దులే. తిప్పి పెట్టు. చెక్కింది లోపలి వైపుకి పెట్టు."

"లోపలుంటే దేవుడికి కనపడదా?"

"దేవుడికి కనపడినా పర్లేదే, ఆయన అర్థం చేసుకుంటాడు. వీధిలో వాళ్ళకి కనపడకూడదు."

నాకూ బాగానే తోచింది. అంత పనితనం వీధికెందుకు, నేను మిషను దగ్గర కూర్చుని రోజూ చూసుకోవచ్చు. తిప్పి నిలబెట్టాం. ఆటో అతను ఒక పక్క, అత్త ఒక పక్క పట్టుకున్నారు. దారానికి ఇనప బోల్టు కట్టి వేలాడదీసి తూకం చూశాను. ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి జరిపాను. దారం ఊగడం ఆగి చెక్క పక్కనే నిటారుగా నిలబడింది. భూమి లాగుతోంది కదా ఆ బోల్టుని! మా ఇంట్లో, నా చేతిలో ఉన్న దారాన్ని! ఎన్ని జాకెట్లు కుట్టినా ఇంత గొప్పగా అనిపించలేదు.

ఇనప కొక్కేలు గోడలోకి దించి సిమెంటు కూరాను. ఇక కదలదు. సిమెంటు గట్టిపడ్డాక దీనికి తలుపు బిగించాలి.

ఫిబ్రవరి 13, గురువారం

సిమెంటుకి నీళ్ళు పట్టాను. పట్టినప్పుడల్లా శంఖం వైపు చూశాను. బాగుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

నా అంత తెలివితక్కువది ఈ జిల్లాలో ఉండదు.

బుడాన్ గారు బందులు బిగించడానికి సాయం వచ్చారు. తలుపు ఎత్తి ద్వారబంధానికి ఆనించబోతూ ఆగి, దాని చుట్టూ తిరిగి, లోపలికెళ్ళి, బయటికొచ్చి, మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు.

"ఏందమ్మా ఇది! తలుపు కూర్చునే గాడి వీధి వైపు పెట్టావేంది?"

ద్వారబంధానికి ఒక పక్కనే గాడి ఉంటుందట. అది ఎటు ఉంటే తలుపు అటు తెరుచుకుంటుంది. చెక్కిన ముఖం లోపలికి తిప్పేసరికి గాడి బయటికొచ్చింది. జాకెట్టు తిరగేసి కుట్టేసినట్టు. ఊళ్ళో అందరి తలుపులూ లోపలికి తెరుచుకుంటాయి. మాది వీధిలోకి తెరుచుకుంటుంది! వచ్చినవాళ్ళు తలుపు ముఖాన తగలకుండా మెట్టు దిగి వెనక్కి జరగాలి.

"సిమెంటు గట్టిపడింది. పగలగొట్టాలంటే గోడ కూడా ఊడుద్ది. ఇప్పటికి ఇట్టాగే బిగిద్దాం," అన్నారు. బిగించాం. అరుగు స్తంభం అడ్డం కాబట్టి సగం దాకే తెరుచుకుంటుంది. పోనీలే, తలుపంటూ ఒకటుంది.

కానీ ఒక్క మాట. మూసి, తెరిచి, మూసినప్పుడు చప్పుడు వినాలి. మెత్తగా, గట్టిగా, ఒకే ఒక్క చప్పుడు. ఎంత కోపంలోనైనా నాలుగైదుసార్లు వేసి తీశాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

దేవుడా.

మధ్యాహ్నం బండి కూసింది. నాన్న లేచాడు. నేను చున్నీ కట్టలేదు, మర్చిపోయాను. పాదం మిషను మీదే ఉండిపోయింది. తలుపు దగ్గరకి వేసి ఉంది, అంతే. గడియ లేదు, గొళ్ళెం లేదు. చిటికెన వేలితో తోస్తే చాలు, తెరుచుకుంటుంది.

నాన్న పిడి పట్టుకుని లాగాడు.

తలుపు రాలేదు. ఎట్లా వస్తుంది? మళ్ళీ లాగాడు. రెండు చేతులతో లాగాడు. తొయ్యాలన్న ఆలోచనే లేదు ఆయనకి. డెబ్బై ఏళ్ళకి పైగా తలుపంటే లోపలికి లాగేది. బండి వెళ్ళిపోయింది. ఇల్లంతా అదిరి, ఆగింది. నాన్న చేతులు దించి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

బతికే ఉన్నాడు. ఇంట్లోనే ఉన్నాడు. తాళం లేదు!

మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. నేను చేసిన పొరపాటులోంచి నువ్వు ఇంత పని చేశావా తండ్రీ? నామం ఉందని తిప్పిస్తే, గాడి తిరిగి, తలుపు తిరిగి, నాన్న ప్రాణం నిలబడింది. ఎవరు చెక్కిన చెక్క, ఎవరు అమ్మింది, ఎవరింట్లో! తల తిరుగుతోంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

చర్చిలో ప్రేమమ్మ అత్త లేచి సాక్ష్యం చెప్పింది. "గొలుసు లేదు, తాళం లేదు, నా తమ్ముడు సంజీవరావుని దేవుడు గుమ్మం దాటకుండా కాపాడతన్నాడు," అంది. అందరూ స్తోత్రం అన్నారు. శంఖచక్రాల సంగతి చెప్పలేదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా చెప్పలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

చీరాల వెళ్ళి దారాలు, కొక్కేలు తెచ్చుకున్నాను. నింపాదిగా టీ కూడా తాగాను. తాళం వెయ్యలేదు.

మార్చి 4, మంగళవారం

వాడరేవు వెళ్ళాను, పెళ్ళివారి జాకెట్ల కొలతలకి. ఏడాదయింది సముద్రం చూసి. వచ్చేసరికి నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పిడి పట్టుకునే ఉన్నాడు. ఎంతసేపటి నుంచో. నేను బయట నుంచి లాగితే ఆయన చెయ్యి కూడా తలుపుతో పాటు వచ్చింది.

తాళం వెయ్యలేదు కదా. తలుపు తెరిచే ఉంది కదా.

చిన్నప్పుడు బడి నుంచి నేరుగా గేటు దగ్గరికి పోయేదాన్ని. బండి పోయాక, "పాపా, ఎత్తు," అనేవాడు. గేటు ఎత్తే చక్రం నా చేత తిప్పించేవాడు, నా చేతుల మీద ఆయన చేతులు వేసి. గేటు ఆకాశంలోకి లేచేది. ఆగిన ఎడ్లబండ్లూ లారీలూ అన్నీ కదిలేవి. అదంతా నేనే చేశాననుకునేదాన్ని. ఆ పిలుపు విని ఏడాది దాటింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో.

మార్చి 9, ఆదివారం

అన్నం ముట్టలేదు. నిన్న కూడా అంతంతమాత్రమే. కంచం ముందు పెట్టి తిట్టాను, బతిమాలాను, మళ్ళీ తిట్టాను.

"ఉద్యోగం పోయినోడికి అన్నమెందుకమ్మా?" అన్నాడు.

"ఎవరు తీశారు నిన్ను?"

"తీసినట్టే. గేటు నా చేతికి రావట్లా. ఎంత లాగినా కదల్దు. బండి వచ్చేస్తంది, నేను వెయ్యలేకపోతన్నా." గొంతు తగ్గించాడు. "ఆ పక్క పిల్లకాయలు. గేదెలు. సైకిలు మీద ఆ ముసలాయన. అందరూ పోయుంటారు. వాళ్ళ ఇళ్ళకి పోయి ఏమని చెప్పను?"

అందరూ పోయారనుకుంటున్నాడు. బండి వెళ్ళిన ప్రతిసారీ.

నేనేమో దాన్ని దేవుడి కార్యం అని రాసుకున్నాను.

మార్చి 10, సోమవారం

తాళం వెయ్యలేదు.

మార్చి 14, శుక్రవారం

ఆ పైన రాసిన మాట అబద్ధం. కొట్టెయ్యను, ఉండనీ. తోస్తే వస్తుందని నాకు తెలుసు, ఆయనకి తెలీదు. దాన్నే తాళం అంటారు. చెప్పాను కూడా, రెండు మూడుసార్లు చెయ్యి పట్టుకుని తోయించాను. తోసినంతసేపే గుర్తుంది. కానీ ఆయనకి తొయ్యడం రానందుకు లోపల లోపల నేను సంతోషించాను. అదీ నిజం.

బుడాన్ గారి కొట్టుకి వెళ్ళాను. "తాళం వెయ్యలేదండీ, ఒట్టు," అన్నాను.

"మరి ఏడుస్తావెందుకమ్మా?"

ఆయన నవ్వలేదు ఈసారి. అంతా విన్నారు. గోడ పగలగొట్టి ద్వారబంధం సరైన వైపుకి తిప్పి పెట్టమన్నాను. "లోపలికి తెరుచుకుంటే లాగుతాడు, లాగితే వస్తది, వస్తే పట్టాల మీదకి పోతాడు. అది ఆలోచించుకున్నావా?" అన్నారు.

"పక్కనే కూర్చుంటాను. ఆయనతో పాటు నేనూ వెళ్తాను, వెళ్ళి తీసుకొస్తాను, ప్రతి బండికీ."

"ఎన్నాళ్ళు?"

ఎప్పుడొస్తారని అడిగాను. ఆయన తల ఊపారు. "ఉపవాసాలమ్మా, సుత్తి ఎత్తే ఓపిక లేదు. రంజాను కానియ్యి, వస్తా."

మార్చి 22, శనివారం

పాడు వాన! కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, అంతలో మబ్బు కమ్మింది. కాయల మీద కప్పడానికి పరదా పట్టాలు తెండని వీధంతా కేకలు. నేనూ సాయం పోదామని తలుపు తోశాను. రాలేదు. నాలుగు రోజుల నుంచి సముద్రపు గాలి చెమ్మ పీల్చి వేప చెక్క ఉబ్బింది. భుజంతో తోశాను. కాలితో తన్నాను. అంతలో బండి కూసింది. నాన్న వచ్చి నా పక్కనే పిడి పట్టుకుని లాగుతున్నాడు. నేను తోస్తున్నాను, ఆయన లాగుతున్నాడు.

బయట జనం పరిగెడుతున్నారు, నేను రావాలి, నన్నెవరూ వినడం లేదు. "ఎవరన్నా రండి!" అని గొంతు చించుకున్నాను. ఇదా నాన్నా, రోజూ నీకు జరిగేది?

చివరికి ప్రేమమ్మ అత్త బయట నుంచి లాగింది, నేను తోశాను, ఊడి వచ్చింది. అత్త వెనక్కి కాలువలో పడింది. లేచి నన్నూ తలుపునీ వానదేవుణ్ణీ కలిపి తిట్టింది. తల నిండా బురదతో ఆమెని చూస్తే నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడ్చాను.

మార్చి 24, సోమవారం

నెమ్మదిగా రాయాలి. వరసగా రాయాలి. లేకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున ఎండ కాసింది. తలుపు అంచు చిత్రిక పడదామని బుడాన్ గారి దగ్గర చిత్రిక తెచ్చాను. ఆరాక పట్టమన్నారు, నాకు ఆగే గుణం ఎక్కడిది? తలుపు స్తంభం దాకా తెరిచి, కింద ఇటుక పెట్టి, బయట మెట్టు మీద నిలబడి పట్టడం మొదలుపెట్టాను. మొదట గీరుకుపోయింది. తర్వాత పట్టు దొరికింది. చెక్క పొర ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుని రాలుతోంది, వేప చేదు వాసన. ఇంత లావు చెక్కలోంచి ఇంత పల్చటి పొర! ఎండకి పట్టి చూస్తే నా వేళ్ళు కనపడ్డాయి. ఆ పొర చూస్తూ నాన్నని మర్చిపోయాను.

బండి కూసింది.

తల ఎత్తాను. గుమ్మం తెరిచి ఉంది. నాన్న లేచి వస్తున్నాడు. ఎప్పుడూ లేనంత వేగంగా వస్తున్నాడు. ఇటుక తన్ని తలుపు మూసేద్దామా అని చెయ్యి చాచాను. చాచి, ఆపాను. ఎందుకు ఆపానో తెలీదు. ఆయన ముఖం చూసి అనుకుంటా. పనిలోకి వెళ్తున్న మనిషి ముఖం అది. ఆయన వెనకే పరిగెడదాం, పట్టాల దాకా పోనీ అనుకున్నాను.

గడప దగ్గరకి వచ్చి ఆగాడు. దాటలేదు. ఇటు చూశాడు, అటు చూశాడు. వీధి రెండు వైపులా. నన్ను చూశాడు.

"వెనక్కి జరగమ్మా. బండి వస్తంది."

మెట్టు దిగాను. ఆయన కాలితో ఇటుకని నెట్టేశాడు. చెయ్యి చాచి పిడి పట్టుకుని, తలుపుని తన వైపుకి లాగాడు.

తలుపు వచ్చింది. మెత్తగా, గట్టిగా, ఆ ఒకే ఒక్క చప్పుడుతో మూసుకుంది.

నేను వీధిలో, చిత్రిక చేతిలో పట్టుకుని ఉన్నాను. ఆయన లోపల. బండి మా ఇళ్ళ వెనక నుంచి వెళ్ళింది, పొడుగాటి బండి. భూమి అదిరింది. నా చుట్టూ ఎవరూ పోలేదు. ఎదురింటి కోడిపిల్లలు కూడా.

ఎంత గుడ్డిదాన్ని! ఆయన ఏనాడన్నా తియ్యాలి అన్నాడా? వెయ్యాలి అన్నాడు. గేటు వెయ్యాలి, గేటు వెయ్యాలి, అదొక్కటే మాట. లోపలికి తెరుచుకునే తలుపుని లాగితే అది తెరుచుకుంటుంది, గేటు పడలేదని పట్టాల దాకా వెతుక్కుంటూ పోయేవాడు. ఈ తలుపుని నేను మూసి ఉంచాను. మూసి ఉన్నదాన్ని మళ్ళీ ఎట్లా మూస్తాడు? నెల రోజులు లాగాడు. తెరిచి ఉంచితే ఒక్కసారి లాగాడు.

బండి చప్పుడు సద్దుమణిగింది. లోపల్నించి తలుపు మీద తట్టాడు.

"పాపా! బండి పోయింది. ఎత్తు."

చిత్రిక జారి కాలి మీద పడింది. తెలీలేదు. ఇప్పుడు నొప్పి పుడుతోంది, హాయిగా ఉంది. రెండు చేతులతో పిడి పట్టుకుని ఎత్తాను. లాగాను అనాలి. ఎత్తాను.

ఎదురుగా నాన్న నిలబడి ఉన్నాడు. నన్ను కాదు, నా వెనక వీధిని చూస్తున్నాడు. అందరూ క్షేమంగా వెళ్తున్నారో లేదో చూసుకుంటున్నాడు. తర్వాత వెళ్ళి కూర్చుని అన్నం అడిగాడు.

మార్చి 27, గురువారం

తలుపు స్తంభం దాకా తెరిచి పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళి పప్పు వండాను. పోపు వేస్తుంటే కూత వినపడింది. గరిట పట్టుకుని అలాగే ఉండిపోయాను. తలుపు పడిన చప్పుడు విన్నాక ఎండుమిరపకాయలు వేశాను. మాడిపోయింది. ఇంట్లో ఇద్దరం దగ్గుతూ తిన్నాం.

ఏదో ఒక రోజు ఇది కూడా మర్చిపోతాడు. నాకు తెలుసు. ఆ రోజు దాకా తలుపు తెరిచే ఉంటుంది, నేను చెవి తెరిచి ఉంటాను.

ఏప్రిల్ 3, గురువారం

పండగ అయిపోయింది. బుడాన్ గారు చెప్పినట్టే సుత్తి, గడ్డపార తీసుకుని వచ్చారు. ఇంటి నుంచి సేమ్యా గిన్నె కూడా తెచ్చారు. కూరగాయల సంచితో నేను అప్పుడే వీధి మొగలో ఎదురుపడ్డాను. అక్కర్లేదండీ, పగలగొట్టొద్దు అని చెప్పే బదులు, "రండి, చూడండి," అన్నాను. వెనకే ప్రేమమ్మ అత్త, చేతిలో బైబిలు.

మెట్టు దగ్గరికి వచ్చేసరికి కూత వినపడింది. నాన్న గుమ్మంలో ప్రత్యక్షం. నా ఆకుపచ్చ జాకెట్టు ముక్క ఒకటి ఎప్పుడు తీసుకున్నాడో, జెండాలా చంకలో పెట్టుకున్నాడు.

"ఆగండి, ఆగండి! గేటు పడతంది. వెనక్కి నిలబడండి!"

"నేనేరా తమ్ముడూ, ప్రేమమ్మని," అంది అత్త.

"ఎవురైనా సరే, ఆగాల్సిందే," అన్నాడు.

తలుపు మూసుకుంది. బుడాన్ గారు దాన్ని చూశారు, గాడి చూశారు, నన్ను చూశారు. గడ్డపార నెమ్మదిగా గోడకి ఆనించారు. "యా అల్లా," అన్నారు, ఊపిరిలో. అత్త కళ్ళు మూసుకుని స్తోత్రం స్తోత్రం అంటోంది. లోపలి వైపు ఆ శంఖం, ఆ చక్రం, వాటి కింద చెయ్యి పిడి మీద పెట్టి మా నాన్న.

నన్ను గుర్తుపట్టలేదు. నన్ను కాపాడుతున్నాడు.

గూడ్సు బండి. తరగదే! సేమ్యా చల్లారిపోతోందని బుడాన్ గారు, కాళ్ళు పీకుతున్నాయని అత్త సణిగారు. ముగ్గురం ఎండలో నిలబడ్డాం. ఎవరూ తలుపు ముట్టుకోలేదు.